సాయం పొందిన ముఖానికీ మర్యాద ఉండాలి

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ మన జిల్లా జనానికి కొత్త కాదు. ఉద్యోగ పరీక్షల శిక్షణకని వెళ్లిన మన ఊళ్ల పిల్లలు అద్దె గదుల్లో ఉండేది అక్కడే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం చదివేదీ వాళ్లే. ఆ వీధుల్లోనే కెమెరాను నమ్ముకుని బతికే యువకులూ ఉన్నారు. వీరికి నెల జీతం లేదు. పిలిచిన చోటికి వెళ్లి ఫోటోలు తీయాలి, ఒప్పుకున్న సొమ్ము తెచ్చుకోవాలి. వీరినే ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్లు అంటారు.

పెళ్లిళ్లు, పుట్టినరోజులు పోను వీరికి దొరికే పని రెండు రకాలు. ఒకటి, చీరల దుకాణాలకు, నగల కొట్లకు మోడళ్ల ఫోటోలు తీయడం. రెండోది, సేవా సంఘాల కార్యక్రమాలు. పట్నంలో సభ జరిగినా, ఆ సంఘం వారు మన పల్లెకు వచ్చి దుప్పట్లు పంచినా ఫోటోగ్రాఫర్ వెంట ఉండాల్సిందే.

ఈ రెండు పనుల్లో కెమెరా ఒకటే, తీసే మనిషీ ఒక్కడే. మర్యాదలో మాత్రం ఎంత తేడా! మోడల్‌ను ముందుగా అడుగుతారు. ఫోటో ఎక్కడ వాడతారో చెప్పి కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఆమెకు సొమ్ము ముడుతుంది. బాగా రాని ఫోటో పక్కన పెడతారు. అదే బియ్యం సంచి తీసుకునే ముసలమ్మను ఎవరూ అడగరు. ఒక సంచిని అయిదుగురు పట్టుకుంటారు. "ఇటు చూడవ్వా" అంటారు. ఫ్లాష్ వెలుగుతుంది. ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆమెకు తెలియదు. ఇది ఎంతవరకు సమంజసం?

ఈ తేడా నేటిది కాదు. 1892లో లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా స్టూడియో పెట్టారు. పరదా పాటించే గొప్పింటి స్త్రీల మర్యాద చెడకూడదని అక్కడ ఫోటోలు తీసే పని ఒక మహిళకే అప్పగించారు. అంతకు కొన్నేళ్ల ముందు, 1876-78లో, మద్రాసు రాజధానిని కరువు పీడించింది. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. అప్పుడు హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. కరువు తీవ్రత లోకానికి తెలిసింది, అది మేలే. కానీ ఆకలితో ఉన్నవారిని బొమ్మల్లా కూర్చోబెట్టాడన్న విమర్శ ఆయనను వదల్లేదు. కలిగినవారికి పరదా, లేనివారికి ప్రదర్శన అన్నమాట.

దాతలకు రుజువు కావాలి కదా అని కొందరు అంటారు. ఆ మాట కాదనలేం. విదేశాల నుంచి డబ్బు పంపినవారు అది చేరిందో లేదో తెలుసుకోవాలనుకోవడం న్యాయమే. అయితే లెక్కకు రుజువు రిజిస్టరు, రసీదు, సంతకం లేదా వేలిముద్ర. దించిన బస్తాల ఫోటో చాలు. తీసుకున్నవారి ముఖం లెక్కల పుస్తకం కాదు.

పల్లెలో పరువు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. నేడు ఫోటో క్షణంలో ఊరూరా సెల్‌ఫోన్లకు చేరుతోంది. రేపు ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు "ఫలానా వాళ్లు పంచితే తీసుకున్నవాళ్లే కదా" అనే నోరు ఒకటి ఉండనే ఉంటుంది. అందుకే అవసరం ఉండీ పంపిణీకి రాని అభిమానవంతులు ఉన్నారు. ఫోటో కోసం సాయం అనుకుంటే వీరికి సాయం అందనట్టే.

చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అనాథాశ్రమాల్లో పుట్టినరోజులు జరిపేవారు మరొకటి గమనించాలి. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో అధికారిక కమిటీ అనుమతి లేకుండా ప్రచురించరాదు. మీరితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఫోటోగ్రాఫర్‌ను ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. అద్దె కట్టాల్సినవాడు పిలిచినవారి మాట కాదనలేడు. పైగా డబ్బిచ్చి తీయించిన ఫోటోపై, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు తీయించినవారిదే. కనుక సొమ్ము మాట్లాడుకునేటప్పుడే ఈ మాటా తేల్చుకోవాలి. అడగకుండా ముఖం తీయనని, పిల్లల ముఖాలు అసలే తీయనని ముందే చెప్పాలి. వెనుక నుంచి తీసినా, అందుకునే చేతులు తీసినా కార్యక్రమం కనిపిస్తుంది. ఒప్పుకున్నవారికి ఒక ప్రతి ఇవ్వడం కనీస ధర్మం.

పంచాయతీ పెద్దలు, యువజన సంఘాలు సైతం పంపిణీకి వచ్చేవారికి ఈ షరతు పెట్టాలి. ఇలాంటి ఫోటోలు అచ్చువేసే పత్రికలూ ఆలోచించాలి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు పెద్దలు. అంత గుట్టు ఈ రోజుల్లో కుదరకపోవచ్చు. తీసుకునే మనిషిని ఒక్కమాట అడగడానికి మాత్రం పైసా ఖర్చు కాదు.