ఆలస్యంగా వచ్చే కృష్ణకు ముందే చోటు చూడాలి

బందరు, గుడివాడ, దివిసీమ శివారు ఆయకట్టు రైతులకు, నీటి సంఘాల వారికి

మన కృష్ణకు గంగకున్నట్టు మంచుకొండల ఆసరా లేదు. మహాబలేశ్వరంలో పుట్టి, పడమటి కనుమల వాన మీదే బతికే నది. ఆ వాన జూన్, జూలైల్లో తప్పితే ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్‌ల దాహం తీరాక గానీ మన వంతు రాదు. అందుకే కరువు ఏట సెప్టెంబరు చివర వరదొస్తే కొబ్బరికాయ కొడతాం. ఆ సంబరం మీదే మా పేచీ.

2009 చూడండి. దేశం మొత్తం మీద నైరుతి వాన 22 శాతం తక్కువ. అలాంటి ఏడు అక్టోబరు 2న కర్నూలు మునిగింది. 5న ప్రకాశం బ్యారేజి నుంచి 11.10 లక్షల క్యూసెక్కులు దిగింది. ఆ ఉద్ధృతి రోజంతా ఉంటే దాదాపు 96 టీఎంసీలు. బ్యారేజి పట్టేది మూడు. ఆ తర్వాత కట్టిన పులిచింతల కూడా 45.77తో సరి, అంటే సగం రోజు పని. ఎగువ జలాశయాలు నిండాయి, కాదనం. కానీ దాటిపోయిన సార్వా అదను తిరిగి రాలేదు. దివిసీమకు దక్కింది ముంపు.

ఆలస్యపు తడి కరువు తీర్చకపోవడం మన ఒక్కరి అనుభవమే కాదు. కాలిఫోర్నియాలో 1987 నుంచి సాగిన కరువులో, 1991 మార్చిలో సియెర్రా నెవాడా మీద అదను దాటాక మంచు దండిగా కురిసింది. 'అద్భుత మార్చి' అన్నారు. కరువు 1992 దాకా వదల్లేదు. మంచు నయం, మెల్లగా కరిగి దిగుతుంది. మన వరద నాలుగు రోజుల్లో హంసలదీవి దాటిపోతుంది.

ఆలస్యపు నీటిని నమ్మి సెప్టెంబరులో నాటితే వరి తుఫానుల నోట పడుతుంది. 2023 ఆగస్టు 1901 నుంచి దేశం చూడనంత పొడి ఆగస్టు. ఆ డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోత వెనకబడితే మినుము చల్లడమూ వెనకబడుతుంది. ఇక నదిలో మంచినీరు లేని నెలల్లో పోటుకు ఉప్పునీరు పాయల్లోకి, మురుగు కాలువల్లోకి ఎగదన్నుతుంది. నాగాయలంక, కోడూరు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

కాబట్టి అడగాల్సింది ఇది. కాలువలు కట్టేసిన వేసవిలోనే గుర్రపుడెక్క తీయించి, మురుగు కాలువల స్లూయిస్ తలుపులు బాగుచేయించాలి. జూలై నెలాఖరుకు నీటిపై భరోసా లేకపోతే, తక్కువ కాలపు రకాలో, వెదజల్లే సాగో అప్పుడే ప్రకటించాలి. సెప్టెంబరులో తేల్చడం మాకొద్దు. ఆలస్యపు నీరు దిగిన రోజు మొదట నిండాల్సింది తాగునీటి చెరువులు, బందరుకు తరకటూరు చెరువుతో సహా. తర్వాత వంతు శివారుది. పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమకు చేరే నీరు ఎగువ తూముల దగ్గరే కరిగిపోతుంటే, వంతులు కాగితం మీదుండి లాభం లేదు. ఎగువ రైతులకు ఇది రుచించదని తెలుసు. కరువు ఏట మొదటి తడి వాళ్లకే అందుతుంది, చివరి తడి మాకు వదలమంటున్నాం.

జిల్లా నీటిపారుదల సలహా మండలి కూర్చునేలోపు ప్రతి నీటి సంఘం తీర్మానం పంపాలి. అందులో కాలువ పేరు, తూము, చెరువు, ఎన్నో తేదీకి ఎంత నీరు అన్నీ రాయండి. ఊరికే 'నీళ్లివ్వండి' అని రాస్తే ఆ కాగితం బీరువా దాటదు.