జోషాందాలో అతిమధురం

పోయిన శీతాకాలంలో ఒక పూర్వవిద్యార్థి ఇషా నమాజు అనంతరం మదరసాకు వచ్చాడు. మాధాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం. బయట ఎండ కాస్తున్నా ఏసీ చలికి లోపల స్వెట్టరు తీయరట. పనిమీద షాంఘై వెళ్లినప్పుడు జలుబు పట్టి, అక్కడి దుకాణంలో కొన్న మూలికల పొట్లాలలో ఒకటి మిగిలితే నాకు చూపేందుకు తెచ్చాడు. "ఉస్తాద్‌జీ, ఇది చీనావారి జోషాందా" అన్నాడు.

విప్పి చూశాను. దాల్చిన కొమ్మల ముక్కలు, ఎండు రేగుపండ్లు, అతిమధురం, ఒక తెల్లని వేరు. ఇంట్లో పచ్చి అల్లం కలుపుకోమన్నారట. ఆ తెల్లని వేరు పియోనీ అనే పూలమొక్కది. దాని దగ్గరి జాతి మన హకీముల వద్ద ఊద్ సలీబ్ పేరుతో ఉంది. రేగు మన అత్తార్ దుకాణంలోని ఉన్నాబే, అతిమధురం మన ములేఠీయే. ఇక దాల్చిన అన్న మాటే 'దార్‌చీనీ' నుండి వచ్చింది, అనగా చీనా కర్ర. ఇల్‌ఖానుల మంత్రి రషీదుద్దీన్ 1313 ప్రాంతంలోనే చీనా వైద్యగ్రంథాలను ఫారసీలోకి అనువదింపజేశాడు. కనుక ఈ పరిచయం నేటిది కాదు.

ఆ ఐదింటి కషాయాన్ని సుమారు 1800 ఏళ్ల క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు తన గ్రంథంలో చెప్పాడు. అతడు చెప్పిన సేవన విధానం నాకు మిక్కిలి నచ్చింది: కషాయం త్రాగిన పిమ్మట వేడివేడి పలుచని గంజి త్రాగి, దుప్పటి కప్పుకోవాలి; ఒంటికి సన్నని చెమ్మ పడితే చాలు, ధారగా చెమట కారరాదు; చెమట పట్టి నెమ్మదిస్తే మిగిలిన కషాయం ఆపివేయాలి. జ్వరానికి గంజి పోసే మన ఇళ్లలో ఇది వింతగా తోచదు.

అయితే వేడి చేసే మూలికలు ప్రతి జలుబుకూ తగవు. నీళ్లలా కారే ముక్కు, వణుకు, ఒళ్లునొప్పులు ఉంటేనే చీనా వైద్యులు అల్లం, దాల్చిన ఇస్తారు. గొంతుమంట, దాహం, చిక్కని పసుపు కఫం ఉంటే వాటిని మాని పుదీనా వంటి చల్లని మూలికల వైపు వెళతారు. మన యూనానీలోనూ నజ్లా-ఎ-బారిద్, నజ్లా-ఎ-హార్ అని రెండు తెగలు. జోషాందాలోని బనఫ్షా చల్లని స్వభావం గలదే! జలుబుకు మూలం వైరస్సులని నేటి వైద్యం చెబుతున్నది. ఈ కషాయాలు వాటిని చంపుతాయని రుజువు కాలేదు. గొంతుకు హాయి మాత్రం ఇస్తాయి. దివ్య ఖుర్‌ఆన్‌లోని దహ్ర్ సూరాలో స్వర్గవాసుల పానీయం ప్రస్తావనలో జంజబీల్, అనగా అల్లం, పేరు వస్తుంది. అది స్వర్గపు అనుగ్రహ వర్ణన. దానిని మందుల చీటీగా చదవరాదు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఆనాడు మాటల్లో, వాళ్ల అమ్మీజాన్‌కు దగ్గు వదలడం లేదంటే, "రోజూ ములేఠీ మరిగించి ఇవ్వు బేటా, నష్టమేముంది?" అన్నాను. ఆమెకు రక్తపోటు ఉన్నదా అని అడగలేదు. నెల దాటేసరికి ఆమె కాళ్లు వాచాయి, మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగలేదు. వైద్యురాలు "అమ్మా, ఇంట్లో ఇంకేమైనా త్రాగుతున్నారా?" అని అడిగాకే విషయం తేలింది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని మహాప్రవక్త (స) హదీసు ఉంది. దానిని ఏటా విద్యార్థులకు బోధించేది నేనే.

కషాయం ఆపాక కొన్ని వారాలకు ఆమె కుదుటపడ్డారు, అల్‌హమ్దులిల్లాహ్. క్షమాపణ కోరేందుకు వెళితే, ఆపాజాన్ తెర వెనుక నుండి నాకు అల్లం చాయ్ పంపారు.

సోదరీమణులారా, బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ములేఠీ కషాయం ఇవ్వకండి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు అల్లం, దాల్చిన మందు మోతాదులో తీసుకునే ముందు వైద్యుని అడగాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కైనా నాకించరాదు. ఊపిరి ఆడకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా కషాయాలతో కాలం గడపక ఆసుపత్రికి వెళ్లండి. యూనానీయే కావాలనుకునేవారికి చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ ఆసుపత్రి ఉన్నది. వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రల చీటీ వెంట తీసుకువెళ్లండి.