డచ్చి తుపాకులు – మన డంబములు

కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల మన పాత యిండ్లలో అటుకమీద తుప్పుపట్టిన తుపాకి యున్నచో అది తప్పక డచ్చివారిదే, కట్టబొమ్మన కాలముదే! ఈ మాట వినని తెలుగువాడు ఈ నల్లరేగడి నేలలో లేడు. నేను దీనిని ఒప్పుకొనను. ఒప్పుకొనకుండుటయే మన పెద్దలయెడ గౌరవమని నా మనవి.

ఇటీవల బంధువుల యింట అట్టి తుపాకినే చూపిరి. చింతపండుతో తోమి, నూనె రాసి గోడకు తగిలించినారు. చెకుముకిరాయి బిగించు ఇనుప పలకమీద నిలుచున్న సింహమొకటి లీలగా కనబడుచున్నది. "ఇది హాలెండు సింహమే మామా" అని ఆ యింటి పడుచువాడు గర్వముగా పలికెను. అయ్యో! కిరీటము పట్టుకొని నిలిచిన ఆ సింహము ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ గుర్తు. సుమారు 1808 నుండియే వారు దానిని వాడిరి. వీరపాండ్య కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసినది 1799లో. ఉరితీసినవారి తుపాకికి ఉరిపడినవాని పేరు పెట్టి పూలమాల వేయుచున్నాము!

డచ్చి కంపెనీ తుపాకిపై వి, ఓ, సి అక్షరములు పెనవేసుకొన్న ముద్ర యుండును. ఆమ్‌స్టర్‌డాము శాఖదైనచో దానిపై 'ఏ' అను అక్షరము. 17వ శతాబ్దిలో యూట్రెక్టు, మాస్ట్రిక్టు నగరముల పనివారు ఐరోపాలో పేరు గన్నవారే. మాస్ట్రిక్టువారు దంతపు పిడుల చివర మనుష్యుల తలలు చెక్కిన పిస్తోళ్లు చేసిరి. అవి ప్రభువుల విలాసములు. కంపెనీ ఓడలలో తూర్పునకు వచ్చినవి సాదా సిపాయి తుపాకులు.

డచ్చివారికి మన పాలెములతో పొత్తే లేదని నేననుట లేదు. 1658లో తూత్తుకుడిని పట్టినవారు వారు. 1783 ఆగస్టులో కర్నల్ ఫుల్లార్టన్ పాంచాలంకురిచ్చి కోటను పట్టుకొన్నపుడు, కొలంబోలోని డచ్చి ప్రభుత్వమునకును కట్టబొమ్మ నాయకునికిని జరిగిన ఒడంబడిక అసలు ప్రతియే దొరికినది. తుపాకులు, మందుగుండుతోపాటు 40,000 వరహాలును దొరికినవి. ఆ నాయకుడు వీరపాండ్యునికి ముందటి తరమువాడు. కాని ఆ స్నేహమునకు మురియనేల? 1780 నుండి 1784 వరకు డచ్చివారు ఆంగ్లేయులతో యుద్ధమున నుండిరి. వారికి కావలసినది ముత్యములు, బట్టలు, శత్రువునకొక శత్రువు, అంతే.

మన సభలలో ఎవరును ఎత్తని మాట యొకటి కలదు. ఎట్టయాపురమువారును తెలుగువారే, వారు ఆంగ్లేయుల పక్షమున నిలిచిరి. 1801 డిసెంబరు 1న కంపెనీ ప్రకటన చేసి పాలెగాండ్ర ఆయుధములను లాగుకొనెను, కోటలను కూల్పించెను. అటుపిమ్మట ఒక యింట తుపాకి మిగిలెననిన, ఎవరి యనుమతితో మిగిలెనని ముందుగా అడుగవలెను. జవాబు చేదుగా నుండవచ్చును. అదియు మన చరిత్రయే.

1765లో డచ్చివారు కాండీనుండి కొల్లగొట్టిన ఫిరంగిని, రెండు 'మహా తువక్కు'లను నెదర్లాండ్సు 2023 డిసెంబరులో శ్రీలంకకు తిరిగి యిచ్చినది. ఏ వస్తువు ఎవరిదో, ఎట్లు చేతులు మారెనో పరిశోధించి తేల్చిన పిమ్మటనే యిచ్చినది. మనమో, సాక్ష్యమును చింతపండుతో తుడిచివేయుచున్నాము; మిగిలినదానిని పాతసామాను వర్తకునికి తూకమునకు అమ్ముచున్నాము. నూరేండ్లు దాటిన అట్టి వస్తువును అనుమతిలేక దేశము దాటించుట 1972 నాటి చట్టము ప్రకారము నేరమని తెలిసినవారు మనలో ఎందరు?

ఆ పడుచువాడు చిన్నబోయెను. పలకను ఇక తోమవద్దనియు, సింహము చెరగకముందే పటము తీయించి, తాతగారు చెప్పిన మాటలను తేదీ వేసి వ్రాసిపెట్టవలెననియు చెప్పి వచ్చితిని.