ఆడలేక డ్రైవర్ మార్చాను

ముందే చెప్పేస్తున్నా, ఈ వారం గోల్ఫ్ గురించి. "మనకెందుకయ్యా ఆ డబ్బున్నోళ్ల ఆట" అని వెళ్లిపోకండి. గోల్ఫ్ బదులు వీణ అనుకోండి, కెమెరా అనుకోండి. కథ పెద్దగా మారదు.

నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఈ ఊళ్లో ఎటు చూసినా కనపడేది ఇద్దరే. ఒకరు మన తెలుగువాళ్లు, రెండోది గోల్ఫ్ ఆడేవాళ్లు. గోల్ఫ్ నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం, పీజీఏ ఆఫ్ అమెరికా, 2022లో తన హెడ్డాఫీసును ఫ్లోరిడా నుంచి ఇక్కడికే మార్చుకుంది. మా టీమ్‌లో సగంమంది శనివారం పొద్దున్నే గోల్ఫ్ కోర్సులో ఉంటారు. సోమవారం మీటింగులో మనకు అర్థంకాని నవ్వులన్నీ అక్కడివే. రెండేళ్ల కిందట నేనూ దిగాను. పక్కింటి పెద్దాయన ఆడడం మానేస్తూ తన పాత సెట్టు 150 డాలర్లకు ఇచ్చేశాడు.

నా రోగం చాలామందికి ఉండేదే. కొట్టిన బంతి సగం దూరం బుద్ధిగా వెళ్తుంది. ఆ తర్వాత అరటిపండులా కుడికి వంగి, వెళ్లి చెట్లలో పడుతుంది. దీన్ని స్లైస్ అంటారు. ఎనిమిది నెలలు వీడియోలు చూశాను. ఒకడు మోచెయ్యి అంటాడు, ఇంకొకడు నడుము అంటాడు. నేను చూస్తున్న వీడియోల మధ్యలో యాడ్స్ మాత్రం ఒకే మాట చెప్పేవి: కొత్త డ్రైవర్ కొను, తిన్నగా పోతుంది.

కొన్నాను. 550 డాలర్లు, టాక్సుతో కలిపి 595. మన లెక్కలో యాభై వేల పైమాటే. షాపులో తెర ముందు పది బంతులు కొడితే ఒకటి తిన్నగా వెళ్లింది. ఆ ఒక్కటే చూశాను, కార్డు ఇచ్చేశాను. సంక్రాంతికి ఇండియా టికెట్ల కోసం నేనూ నా భార్యా దాస్తున్న డబ్బులోంచి పోయిందది. తనకు చెప్పలేదు. కార్డు స్టేట్‌మెంట్ చెప్పింది. తను గొడవ పెట్టుకోలేదు, "సరేలే, ఆడి చూడు" అంది. గొడవ పెట్టుకున్నా బావుండేది.

ఆడి చూశాను. పాత డ్రైవర్‌తో ఇరవై గజాలు కుడికి పోయేది, కొత్తదానితో ముప్పై గజాలు పోయింది. మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అని. నేను ఓడు అనడంతో ఆగలేదు, కొత్త మద్దెల కొనేశాను.

ఆ వేసవిలోనే అమ్మానాన్నా వచ్చారు. డ్రైవర్ కొన్నానంటే అమ్మ కంగారుపడింది, "కారు నీకే వచ్చు కదరా, మళ్లీ డ్రైవర్ ఎందుకు?" అని. నాన్న ముప్పై అయిదేళ్లు వడ్రంగం చేసిన మనిషి. ఓ సాయంత్రం నాతో ప్రాక్టీసుకి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నేను అరవై బంతులు కొట్టాను. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో అడిగారు.

"ఏరా, ఇది ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు?"

"ఎవరి దగ్గరా కాదు నాన్నా. వీడియోలు చూస్తున్నా."

"వీడియోలో ఆయన నీకు కనపడతాడు. నువ్వు ఆయనకి కనపడవు గదరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆఫీసులో నేను రాసిన పది లైన్ల కోడ్ కూడా ఇంకొకరు చూడకుండా ముందుకు పోదు. అలా చూడాలని జూనియర్లకు క్లాసు పీకేదీ నేనే. మరి రెండేళ్లుగా నా స్వింగ్‌ను ఒక్కరికీ ఎందుకు చూపించలేదు? డబ్బు లేక కాదు. అయిదు పాఠాలకు 400 డాలర్లు, డ్రైవర్ కంటే తక్కువే. అసలు కారణం సిగ్గు. షాపులో నన్ను "సర్" అంటారు. కోచ్ దగ్గర "అలా కాదు" అంటారు. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక, ఇంజినీరింగ్ చదివాక, ఆ రెండు మాటలు వినబుద్ధి కాలేదు.

మర్నాడే క్లాసు బుక్ చేశాను. కోచ్ ఆరు బంతులు కొట్టమన్నాడు. నడుమూ చూడలేదు, మోచెయ్యీ చూడలేదు. నా ఎడమ చెయ్యి చూశాడు. క్లబ్ పట్టుకుని పైనుంచి చూస్తే ఎడమచేతి మెటికలు రెండైనా కనపడాలట. నాకు ఒక్కటే కనపడేది. అంటే పట్టులోనే తప్పు. దానివల్ల బంతికి తగిలే క్షణంలో క్లబ్ ముఖం కుడివైపు తెరుచుకుంటోంది.

ఇది తెలిశాక లెక్క తేలికైంది. బంతి, క్లబ్ ముఖం తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. బంతి ఎటు బయల్దేరాలో ఎక్కువగా నిర్ణయించేది ఆ క్షణంలో ముఖం చూస్తున్న దిక్కు. ముఖం ఒక దిక్కు చూస్తూ, క్లబ్ ఊగే దారి ఇంకో దిక్కు ఉంటే, ఆ తేడావల్ల బంతి పక్కకు తిరుగుతూ వంగిపోతుంది. కొత్త డ్రైవర్ బంతిని ఇంకాస్త గట్టిగా కొట్టింది, అంతే. గట్టిగా కొట్టిన తప్పు ఇంకా దూరం పోయింది.

కొత్త డ్రైవర్లు మోసమని నేననను. బంతి మధ్యలో తగలకపోయినా నష్టం తక్కువ అయ్యేలా చేస్తారు, అది నిజమే. కానీ రూల్స్ ఒక హద్దు గీశాయి. డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని 2004లో పెట్టారు. ముఖం బంతిని ఎంత వేగంగా తన్నొచ్చో దానికీ పరిమితి ఉంది. అంచేత అయిదారేళ్ల నాటి మంచి డ్రైవర్‌కీ ఈ ఏడాది మోడల్‌కీ మొదటి మెట్టు మీదున్నవాడికి పెద్ద తేడా తెలీదు. ఐరన్లలో ఇంకో తమాషా ఉంది. పాత సెట్లలో 7 నంబరు ఐరన్ వాలు 34 డిగ్రీల పైచిలుకు. ఇప్పటి కొన్ని సెట్లలో అదే 7 నంబరు 28, 29 డిగ్రీలే. వాలు తగ్గితే బంతి దూరం పోతుంది. మనం మన ప్రతిభ అనుకుంటాం, మారింది దాని మీద అచ్చేసిన నంబరు.

ఇదంతా చెబితే మా ఫ్రెండ్ ఒకడు అడ్డం తిరిగాడు. "లీ ట్రెవినో ఏ క్లాసుకెళ్లాడు మామా?" అన్నాడు. మా డాలస్ మనిషే ట్రెవినో. పేదింట్లో పుట్టి, ఇక్కడి చిన్న కోర్సులో డాక్టర్ పెప్పర్ సీసాకు టేపు చుట్టి, దాంతో బంతి కొడుతూ పందేలు కాసేవాడు. తర్వాత ఆరు మేజర్ టోర్నమెంట్లు గెలిచాడు. నిజమే, ఆయన ఎక్కువగా తనంతట తానే నేర్చుకున్నాడు. కానీ గోల్ఫ్ కోర్సు పక్కన పెరిగి, చిన్నప్పటినుంచీ క్యాడీ పని చేస్తూ, రోజూ వందల బంతులు కొట్టినవాడాయన. నాకున్నది శనివారం రెండు గంటలు. తప్పు పట్టుతో ఆ రెండు గంటలూ కొడితే తప్పే బాగా వస్తుంది. పైగా సీసాతో పందెం గెలిచినవాడి పేరు కొత్త డ్రైవర్ కొనడానికి సాక్ష్యంగా పనికిరాదు కదా.

పాఠాలు మంత్రం కాదు. పట్టు మార్చాక మొదటి రెండు వారాలు ఇంకా ఘోరంగా ఆడాను. బంతి లేవనే లేదు. మానేద్దామనుకున్నాను కూడా. మూడో పాఠం తర్వాత దారిలో పడింది. నాలుగు నెలల్లో 18 హోల్స్‌కి 121 నుంచి 104కి వచ్చాను. గొప్పేం కాదు. కానీ ఇప్పుడు బంతి పక్కకు పోతే ఎందుకు పోయిందో తెలుస్తోంది.

ఒక్క మినహాయింపు చెప్పాలి. నా భార్య కూడా సరదాగా మొదలెట్టింది. తనది అయిదడుగుల ఎత్తు. నా క్లబ్‌లు తనకు పొడుగు, బరువు, కడ్డీలూ బాగా గట్టివి. వాటితో ఎంత మంచి కోచ్ అయినా ఏం చేస్తాడు? తనకు ముందు ఆడవాళ్ల సైజు సెకండ్‌హ్యాండ్ సెట్టు కొన్నాం, తర్వాతే పాఠాలు. కాబట్టి సామాను మీ ఒంటికి అసలు సరిపోకపోతే మార్చండి. పిడి రబ్బరు అరిగి జారుతుంటే దాన్నొక్కటే మార్పించండి, కొద్ది డబ్బుతో పోతుంది. రూల్స్ ప్రకారం సంచిలో 14 క్లబ్‌లు ఉండొచ్చు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏడెనిమిది చాలు. మిగిలిన డబ్బు మిమ్మల్ని చూసి "అలా కాదు" అనే మనిషికి ఇవ్వండి. ఆటలో ఒక స్థాయికి వచ్చాక కొత్తవి కొనుక్కుంటే, అప్పుడు వాటి విలువా తెలుస్తుంది.

సంక్రాంతికి మేం వెళ్లలేకపోయాం. అందులో ఆ 595 డాలర్ల వాటా ఎంతో నాకు తెలుసు, నా భార్యకూ తెలుసు. ఉగాదికి టికెట్లు బుక్ చేశాం. మొన్న ఫోన్లో నాన్న అడిగారు, "ఇప్పుడు తిన్నగా పోతోందా?" అని.

"పదింట్లో ఆరు పోతున్నాయి నాన్నా."

"మిగతా నాలుగూ?"

"వాటి సంగతి గురువారం క్లాసులో చూపిస్తా."