బండికి జరిమానా.. భవంతికి స్కీమా?

మార్కాపురం జిల్లా కేంద్రమైంది. 2025 డిసెంబర్ 31 నుంచి మన కాగితాల మీద జిల్లా పేరు మారింది. 1970 ఫిబ్రవరి 2న మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు జిల్లా నుంచి కోసి ఒంగోలుకు అతికించారు. ఆనాటి నుంచి ఒక్క సంతకం కోసం వంద కిలోమీటర్లు బస్సులో వేలాడిన జనం మనం. గిద్దలూరు వాళ్లకైతే ఇంకా దూరం. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు కూడా ఆ జాబితాలో మన పేరు లేదు. దీక్షా శిబిరాల్లో కూర్చున్నాం. రోడ్ల మీద బైఠాయించాం. చివరికి జిల్లా వచ్చింది. ఇది ఎవరో దయతలచి ఇచ్చిన దానం కాదు, జనం కొట్లాడి తెచ్చుకున్నది.

సంతోషమే. కానీ ఈ సంతోషంలో ఒక సంగతి మరిచిపోతే రేపు తల పట్టుకోవాల్సింది మనమే. జిల్లా కేంద్రం అనగానే కొత్త ఆఫీసులొస్తాయి, కార్లొస్తాయి. స్థలాల ధరలు, అద్దెలు పెరుగుతాయి. ఆ వెంటనే పట్టణానికి అందం తేవాలనే మాట వస్తుంది. రోడ్డు వెడల్పు, ఆక్రమణల తొలగింపు, ట్రాఫిక్ క్రమబద్ధీకరణ.. పేరు ఏదైనా పాలకుల మొదటి చూపు పడేది తోపుడు బండి మీదే. ఏ ఊరు జిల్లా కేంద్రమైనా, ఏ మంత్రి పర్యటనకొచ్చినా మొదట లేచిపోయేది అరటిపండ్ల బండి, టీ బంకు, చెప్పులు కుట్టే తాత గొడుగు. మార్కాపురంలోనూ అదే జరగకూడదన్నది మా మాట.

ఆ బండి వెనకున్న మనిషెవరు? ఒకప్పుడు దేశమంతా బడిపిల్లల చేతుల్లో మెరిసిన మార్కాపురం పలకను చెక్కిన చేతులు కొన్ని. పలకల పని సన్నగిల్లినాక కుటుంబాన్ని లాక్కొచ్చేందుకు ఇడ్లీ పాత్ర పెట్టుకున్నవాళ్లు కొందరు. వానల్లేక, బోరు ఎండిపోయి, పొలం బీడు పెట్టి ఊరొదిలి వచ్చిన రైతులు మరికొందరు. వెలుగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. 43.5 టీఎంసీల కృష్ణా జలాలన్నారు, నాలుగు లక్షల ఎకరాలకు పైగా సాగన్నారు. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ అంకితం అయ్యాక కూడా కాలువ పనులు, నిర్వాసితుల పునరావాసం మిగిలే ఉన్నాయి. నీళ్లు పొలానికి సమయానికి చేరి ఉంటే ఈ బండ్లలో సగం రోడ్డు మీదికి వచ్చేవే కావు. పొలంలో బతకనివ్వలేదు. ఇప్పుడు రోడ్డు మీదా బతకనివ్వరా?

నియమం వద్దని మేమనడం లేదు. ఊరన్నాక నియమం ఉండాలి. అంబులెన్స్ పోయే దారి ఉండాలి, మురుగు కాలువ పారాలి, నడిచేవాడికి చోటుండాలి. కాలువ మీద బండలు పరిచి మెట్లు కట్టుకున్న దుకాణదారుడు మన ఉద్యమ మిత్రుడైనా సరే, తప్పు తప్పే. మా ప్రశ్న వేరు. నియమం అందరికీ ఒకటేనా?

అనుమతి లేకుండా అంతస్తు మీద అంతస్తు లేపినవాడికి ఈ రాష్ట్రంలో ఏం జరిగింది? 2007లో భవనాల క్రమబద్ధీకరణ పథకం వచ్చింది. 2015లో మళ్లీ వచ్చింది. 2019లో ఇంకోసారి వచ్చింది. అక్రమ లేఅవుట్లకు వేరే పథకం. డబ్బు కట్టు, నీ తప్పు ఒప్పవుతుంది. మరి నాలుగడుగుల బండి పెట్టుకున్నవాడికి ఏ పథకం ఉంది? తక్కెడ లాక్కుపోవడం, బండి ట్రాక్టరెక్కించడం, జరిమానా రాయడం. పెద్దవాడు తప్పు చేస్తే స్కీము, చిన్నవాడు బతికితే నేరం. ఇదెక్కడి న్యాయం?

ఇంకో చిత్రం చూడండి. మన పట్టణాల్లో బండి దగ్గరికి పొద్దున్నే ఆశీలు మనిషి వస్తాడు. వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు తరఫున చిట్టీ చింపి చేతిలో పెడతాడు. ఆ డబ్బు తీసుకున్నప్పుడు ఆ బండి వ్యాపారం. అదే బండిని తీసేయాల్సి వచ్చినప్పుడు ఆక్రమణ! ఏళ్ల తరబడి రుసుం కట్టించుకున్న చోటే అక్రమమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

బండివాడు బిచ్చగాడు కాదు, అతనికి చట్టం ఉంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, సహేతుకమైన నియంత్రణకు మాత్రమే అది లోబడి ఉంటుందని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం చేసింది. ఆ ఏడాది మే 1 నుంచి అది అమల్లో ఉంది. అందులో ఏముందో ఎంతమందికి తెలుసు? అయిదేళ్లకోసారైనా వీధి వ్యాపారులందరినీ సర్వే చేయాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తీయాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. వచ్చి అడిగితే పాడైపోయే సరుకును ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో రుసుం తీసుకుని తిరిగివ్వాలి. కమిషనర్ అధ్యక్షతన పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే, అదీ తాము ఎన్నుకున్నవారే కూర్చోవాలి. వారిలో మూడో వంతు మహిళలుండాలి. పాతకాలం నుంచి సహజంగా ఏర్పడిన సంతలను అమ్మకాలు నిషేధించిన ప్రాంతంగా ప్రకటించరాదు.

పట్టణ జనాభాలో రెండున్నర శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలని ఆ చట్టమే చెబుతోంది. 2011 లెక్కల్లో మార్కాపురం జనాభా 71 వేల పైచిలుకు. అంటే ఆనాటి లెక్క ప్రకారమే 1,770 మందికి పైగా చోటు చూపాలి. ఈనాటి జనాభాకు ఇంకా ఎక్కువ. ఏ వీధిలో, ఏ మూల, ఏ వేళ? ఆ పటం ఎక్కడ? సర్వే అయి ఉంటే జాబితాను మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించండి. కాకపోతే కొత్త జిల్లా కేంద్రంలో ఒక్క బండిని కూడా కదిలించే అధికారం మీకు లేదు.

లెక్క తీయడం కష్టమంటారా? 2020లో కరోనా కాలంలో స్వనిధి పథకం కింద పదివేల రూపాయల రుణం ఇవ్వడానికి దేశమంతా వీధి వ్యాపారులను గుర్తించారు. గుర్తింపు కార్డు లేనివారికి మున్సిపాలిటీలే సిఫారసు లేఖలిచ్చాయి. అప్పు ఇవ్వడానికి దొరికిన మనిషి, చోటు ఇవ్వాల్సి వచ్చేసరికి ఎందుకు దొరకడు? బండి తీసేస్తే ఆ అప్పు ఎట్లా కడతాడు?

ఇది బండివాడి గోడు మాత్రమే కాదు, ఇంటివారి గోడు కూడా. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నుకు అద్దె విలువ లెక్క పోయి రిజిస్ట్రేషన్ విలువ లెక్క వచ్చింది. నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపారానికి 0.20 నుంచి 2 శాతం. ఏడాదికి 15 శాతం దాటకుండా పెంచుకుంటూ పోవడం నాడు పెట్టిన పద్ధతి. జిల్లా కేంద్రం కాగానే స్థలం విలువ పెరుగుతుంది. తాతలనాటి పెంకుటింట్లో ఉంటూ ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టుకున్న అవ్వకు ఆదాయం పెరుగుతుందా? ఆమె ఆ స్థలం అమ్ముకోవడం లేదు, అందులో బతుకుతోంది. అమ్మని ఇంటికి అమ్మకం ధర చూసి పన్ను వేయడం రియల్ ఎస్టేటు లెక్క, కరువు సీమ లెక్క కాదు. కుళాయి బిల్లు సంగతి సరేసరి. బిల్లు నెల తప్పదు. నీళ్లు మాత్రం ఎండాకాలం వస్తే ట్యాంకరు కోసం బిందెల వరసలోనే.

ఈ నియమాలు ఎక్కడ పుడుతున్నాయి? రాజధానిలో. ఎవరిని చూసి రాస్తున్నారు? విజయవాడను, విశాఖను చూసి. వార్డు కమిటీ సంగతే తీసుకోండి. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లోనే అది తప్పనిసరి అని రాజ్యాంగ 74వ సవరణ చెబుతోంది. మన మార్కాపురానికి, గిద్దలూరుకు, కనిగిరికి ఆ లెక్క ఎన్నడు అందాలి? చిన్న పట్టణాల్లోనూ కమిటీలు పెట్టకుండా ఆ సవరణ రాష్ట్రాన్ని ఏమీ ఆపలేదు. ఆపింది పాలకుల మనసే.

కాగితం మీద హక్కు, నేల మీద మొండిచెయ్యి.. ఇది మనకు కొత్త కాదు. 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్ననాడు మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉంది. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు వాటా అని రాసిన మాట మన తాలూకాలకూ వర్తించిందే. ఆ కాగితం ఏమైందో మనకు తెలుసు. 2014 చట్టం కాగితానికీ ఆ గతి పట్టనివ్వొద్దు.

ప్రత్యేక రాష్ట్రం వస్తే ఇవన్నీ వాటంతటవే మారిపోతాయా? మారవు. ఈ మాట మా పాఠకులకు నచ్చకపోయినా చెప్పాల్సిందే. జెండా మారి, కమిషనర్ గది ముందు బండివాడు అవే చేతులు కట్టుకుని నిలబడితే ఆ రాష్ట్రం ఎవరికోసం? ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మనం బంద్‌కు పిలుపిచ్చిన ప్రతిరోజూ ముందుగా పొయ్యి ఆర్పుకున్నది ఈ బండివాళ్లే. ఆఫీసులో ఉద్యోగికి సెలవు పెట్టుకునే వీలుంది, వాళ్లకు లేదు. వాళ్ల నష్టం మీద మన ఉద్యమం నడిచింది. ఆ బాకీ తీర్చుకునే సమయం ఇదే.

విద్యార్థులారా, ఆ చట్టం చదవండి. నలుగురు కలిసి ఒక్కో వీధి తిరిగి ఎవరు ఎన్నేళ్లుగా ఎక్కడ అమ్ముతున్నారో రాసుకోండి. ఆశీలు చిట్టీలు దాచుకోమని చెప్పండి. వెండింగ్ కమిటీ ఉందా, సర్వే ఎప్పుడు జరిగింది అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. మున్సిపల్ ఉద్యోగ మిత్రులారా, మీరూ మా పాఠకులే, మీ మీద మాకు కోపం లేదు. పై నుంచి వచ్చిన ఆదేశం మీ చేత అమలవుతుందని తెలుసు. బండి మీద చెయ్యి వేసే ముందు నోటీసు ఇచ్చారా లేదా అని ఒక్కసారి పైవారిని అడగండి, చాలు.

మేం కోరేవి నాలుగే. సర్వే జాబితా బయటపెట్టాలి. వెండింగ్ కమిటీని వ్యాపారుల ఎన్నికతో వేయాలి. పన్ను, లైసెన్సు, కుళాయి, జరిమానా నియమాలన్నీ, వాటి మీద ఎవరికి అప్పీలు చేసుకోవాలో సహా, తెలుగులో పెద్ద అక్షరాలతో ఆఫీసు ముందు రాయాలి. జిల్లా కేంద్రం పేరుతో పెరిగే భూమి విలువను చిన్న ఇళ్ల, చిన్న కొట్ల పన్నులోకి లాగకుండా ఆపాలి.

ఇవి జరిగే పనులేనా అని సందేహించేవారికి ఒక్క మాట. 2021లో వచ్చిన చెత్త పన్ను జనం ఊరూరా తిరగబడితే 2024లో రద్దయింది. నియమం రాసింది మనుషులే. జనం కదిలితే నియమమూ కదులుతుంది. జిల్లా కోసం కూర్చున్న చోటే బండి కోసమూ కూర్చుందాం.