రంగు వేయించండి, అసలు ఫొటో పారవేయకండి

కారేపల్లి: తాతముత్తాతల నలుపు తెలుపు ఫొటోలకు రంగులు వేయించే ముచ్చట పల్లెల్లో పెరుగుతున్నది. సెల్‌ఫోనులోనే క్షణంలో రంగు పడుతున్నది. ముచ్చటను తప్పు పట్టనక్కరలేదు. కాని ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించవలసి ఉన్నది.

నలుపు తెలుపు ఫొటోలనుంచి అసలు రంగును రాబట్టే మార్గం ఒకటి ఉన్నది. 1861లో లండనులో మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడు దానిని చేసి చూపించాడు. ఒక రంగుల రిబ్బనును ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లగుండా విడివిడిగా ఫొటో తీయించాడు. ఆ నలుపు తెలుపు బొమ్మలను అవే రంగుల వెలుగుతో తెరమీద ఒకదానిపై ఒకటి పడేట్టు చేస్తే రిబ్బను రంగులు కనిపించాయి.

మన మిరపతోటనే తీసుకుందాం. మామూలు నలుపు తెలుపు ఫొటోలో పండు మిరపకాయ, ఆకు ఒకే బూడిదరంగులో పడవచ్చు. ఎర్ర ఫిల్టరులోంచి తీస్తే కాయ తెల్లగా, ఆకు నల్లగా వస్తుంది. ఆకుపచ్చ ఫిల్టరుతో ఆకు తేలిక పడి, కాయ నల్లబడుతుంది. ఈ తేడాలోనే రంగు లెక్క దాగి ఉన్నది.

రష్యాలో ప్రొకూదిన్ గోర్‌స్కీ ఇదే పద్ధతిలో 1909 నుంచి 1915 వరకు ఊరూరా తిరిగి ఫొటోలు తీశాడు. ఆ గాజుపలకలను 1948లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం కొని భద్రపరచింది. పలకలు మిగిలాయి కనుకనే కంప్యూటర్లు వాటినుంచి రంగులను తిరిగి తేగలిగాయి.

మన ఇళ్లలోని ఫొటోలు అలాంటివి కావు. ఫిల్టర్లు లేకుండా ఒక్కసారే తీసినవి. వాటిలో రంగు లెక్క లేదు. సెల్‌ఫోను వేసే రంగు, ఎక్కడెక్కడి ఫొటోలో చూసి నేర్చిన ఊహ మాత్రమే. తండాలో అవ్వ కట్టుకున్న అద్దాల రవిక ఎరుపో నీలమో దానికేం తెలుసు? 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్దారు. అవీ నిపుణులు ఎంచిన రంగులే. అయినా నలుపు తెలుపు చిత్రం నిలిచే ఉన్నది కనుక నష్టం లేదు. మన ఇళ్లలో అయితే రంగు బొమ్మ గోడకెక్కగానే పాతది చెత్తలోకి పోతున్నది. రేపు మనుమలు ఆ ఊహనే నిజమని నమ్ముతారు.

కాబట్టి ప్రజలు మూడు పనులు చేయాలి. రంగు వేయించే ముందు చీర ఏ రంగో, తలపాగా ఏ రంగో ఇంట్లో పెద్దలను అడగాలి. అసలు ఫొటో వెనుక పేర్లు, సంవత్సరం పెన్సిలుతో రాసి దాచాలి. కొత్తదాని వెనుక ‘రంగు తరువాత వేసినది’ అని రాయాలి.

ఉపాధ్యాయులు కూడా పూనుకోవాలి. నాటకాల లైట్లకు కట్టే రంగు కాగితాలు మూడు, కదలకుండా నిలిపిన కెమెరా, ఒక కంప్యూటరు ఉంటే మాక్స్‌వెల్ ప్రయోగం మన బడిలోనే చేయవచ్చు. ఏ రంగు నిజమో, ఏది ఊహో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది.

ఆ చీరల రంగులు కళ్లారా చూసిన పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. వారు ఉండగానే అడగడం మంచిది.