మమ్మల్ని ఎవరడిగారు?

ఇంధన పొదుపు సవరణ బిల్లు 2022 ఆగస్టు 8న లోక్‌సభలో, డిసెంబరు 12న రాజ్యసభలో మూజువాణి ఓటుతో గట్టెక్కింది. కార్బన్‌కు ధర కట్టి బజారులో పెట్టే అధికారం కేంద్రానికి దఖలుపరిచిన బిల్లు అది. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో లెక్కే లేదు. గెజిట్‌లో ముసాయిదాలు పెట్టాం కదా అంటారు. హిందీలోనూ ఇంగ్లిషులోనూ వెలువడే ఆ గెజిట్‌ను మా నూజివీడు వైపు ఆగిరిపల్లిలోనో చాట్రాయిలోనో మామిడి రైతు రోజూ తిరగేస్తాడని వాళ్ల నమ్మకం కాబోలు!

కార్బన్‌కు ధర వద్దని కాదు నా గొడవ. ఉండాలనే అంటాను. ఎందుకంటే వాతావరణం చెడగొట్టిన ఖర్చు ఇక్కడ మేం ఇప్పటికే కడుతున్నాం. మామిడి పూత ఒక్కసారిగా రావడం మానేసి విడతలు విడతలుగా వస్తోంది. ఒకే కొమ్మకు ఒక రెమ్మ మీద పూత, పక్క రెమ్మ మీద గోళీకాయంత పిందె, ఇంకో రెమ్మకు లేత ఇగురు. ఏ దశను చూసి మందు కొట్టాలి? పొగమంచు పట్టిందంటే తేనెమంచు పురుగు దిగుతుంది, పొద్దున తోటలోకి వెళితే ఆకులు చేతికి జిగురుగా అంటుకుంటాయి. ఎండ ముందే ముదిరితే తామర పురుగు. అది గీకిన చోట పిందె మీద పడిన మంగు కాయతోపాటే పెరుగుతుంది. నున్న మార్కెట్లో వ్యాపారి బంగినపల్లి కాయను చేతిలో తిప్పి చూస్తాడు. మంగు మీద బొటనవేలితో ఒకసారి రుద్దుతాడు. మాటైనా అనకుండా పక్క కుప్పలోకి గిరాటేస్తాడు. లోపల కండకు ఏ లోపమూ ఉండదు. రేటు మాత్రం ఆ వేలి కిందే పడిపోతుంది. కవర్లు కట్టుకోండని సలహా ఇస్తారు. కవరు ఖరీదు, చెట్టెక్కి కట్టే కూలీ ఖర్చు ఎవరిస్తారో చెప్పరు.

పోనీ, కార్బన్ మీద పన్ను ఇంకా మొదలవలేదా అంటే, మొదలై పదిహేనేళ్లు దాటింది. 2010 బడ్జెట్‌లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. స్వచ్ఛ ఇంధనం కోసమన్నారు. 2014లో 100, 2015లో 200, 2016లో 400 చేశారు. యూనిట్ కరెంటుకు కిలోలో మూడింట రెండు వంతుల బొగ్గు కాలుతుందనుకుంటే, యూనిట్‌కు పాతిక పైసలకు పైనే. సింగరేణి బొగ్గైనా తాల్చేరు బొగ్గైనా, ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు కేంద్రంలో కాలినా ఇంకోచోట కాలినా, ఆ పైసలు చివరికి వచ్చి పడింది మన ఇంటి కరెంటు బిల్లులోనే. బిల్లులో సర్‌చార్జీ కనిపిస్తుంది, సర్దుబాటు చార్జీ కనిపిస్తుంది, బొగ్గు సెస్సు మాత్రం ఎన్నడైనా చూశారా?

డబ్బేమైంది? 2017-18 వరకు వసూలైంది 86 వేల కోట్ల పైచిలుకు. స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. అందులో ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్ల లోపు. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారే, అలాగ! 2017లో ఆ సెస్సు కాస్తా జీఎస్టీ పరిహార సెస్సయింది. కోవిడ్ తర్వాత పరిహారం కోసం చేసిన అప్పులు తీర్చడానికి పోయింది. 2025 సెప్టెంబరు 22న అదీ ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. దాంతో టన్ను 3 వేల లోపు ఉండే చవక బొగ్గు మీద పన్ను తగ్గింది, అంతకన్నా బాగా ఖరీదైన దాని మీద పెరిగింది. కాలే కార్బన్‌ను చూసి వేసిన పన్ను కాదిది. ఆ వారమంతా పేపర్లలో టీవీల రేట్లు, కార్ల రేట్లు, సబ్బుల రేట్లు. బొగ్గు ఊసెత్తిన నాథుడు కనపడలేదు నాకు.

ఈ దాపరికం ఎక్కడ నేర్చారో చెప్పనా? 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద జనం హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోటెత్తితే పోలీసు కాల్పుల్లో ముగ్గురు చచ్చిపోయారు. 2004లో ఆ ప్రభుత్వం పోయింది, ఉచిత విద్యుత్తు వచ్చింది. (తోటలో బోరుకు ఆ కరెంటే వాడుకుంటున్నారుగా అంటారు. వాడుకుంటున్నాం, అయితే?) పాలకులంతా, ఏ జెండా వాళ్లైనా, అందులోంచి నేర్చుకున్నది జనాన్ని అడగాలని కాదు, ధరకు పేరు మార్చాలని. ట్రూ అప్ అన్నారు, ఇంధన సర్దుబాటు అన్నారు. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వేసుకోవడానికి డిస్కంలకు ముందస్తు విచారణ కూడా అక్కర్లేకుండా పోయింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బిల్లులు తగలబెడతారు, గద్దెనెక్కాక అవే బిల్లులు పంపిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా గీతలు మార్చడానికైనా 2022 జనవరిలో ముసాయిదా వేసి 30 రోజులు అభ్యంతరాలు తీసుకున్నారు. విన్నారా అన్నది వేరే సంగతి. స్విట్జర్లాండ్‌లో 2021 జూన్‌లో కార్బన్ చట్టాన్ని ఓటుకు పెడితే జనం కాదన్నారు. ప్రభుత్వం తిట్టుకుంటూ కూర్చోలేదు, 2023లో వేరే వాతావరణ చట్టంతో జనం ముందుకు వెళ్లింది. ఈసారి ఒప్పుకున్నారు. అక్కడ వసూలైన కార్బన్ పన్నులో దాదాపు మూడింట రెండు వంతులు ఇళ్లకూ కంపెనీలకూ తిరిగిపోతుంది కూడా. మనది పెద్ద దేశం, ప్రతిదానికీ ఓటింగు కుదరదంటారా? సరే, లెక్క చెప్పడానికేం అడ్డం?

మనమూ తక్కువ తినలేదు. కులం సభకు ట్రాక్టర్లు కట్టుకుని వెళతాం. కరెంటు చార్జీల మీద విజయవాడలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తోటలవాళ్లం ఎంతమందిమి పోయాం? ఎంపీ వచ్చినప్పుడు మెడలో దండ వేశాం గానీ, ఆ ఇంధన పొదుపు బిల్లుకు ఏమన్నావయ్యా అని ఒక్కరమైనా అడిగామా?

ఆ బిల్లుతో వచ్చిన కార్బన్ వ్యాపారంలో తొలి విడతగా సిమెంటు, అల్యూమినియం, కాగితం లాంటి పరిశ్రమలను పెట్టారు. థర్మల్ విద్యుత్తు ఇంకా లేదు. అది చేరిన నాడు ఇబ్రహీంపట్నం పొగ ఖర్చు మళ్లీ మా బిల్లులోకే వస్తుంది. ఆలోగా నూజివీడులో ఒక సభ పెట్టండి. పూత రోజుల్లో వద్దు, కోతల్లో అసలే వద్దు. ఆగస్టులో పెట్టండి, తోటల్లో కాస్త ఊపిరి తీసుకునే నెల. తెలుగులో పెట్టండి. 2010 నుంచి వసూలు చేసిన సొమ్ము లెక్క పట్టుకుని రండి.